మోకాళ్ల దిండు

సెయింట్ హెలెన్ చర్చిలో ప్రార్థనలు ఆగిపోయాక దాన్ని రాత్రి బసకు ఇవ్వడం మొదలుపెట్టారు. పాత చర్చిలు కూలిపోకుండా చూసే సంస్థ ఒకటుంది, దానివాళ్లకు వచ్చిన ఆలోచన అది. పైకప్పు మరమ్మతుకు డబ్బు ఎవరో ఒకరు ఇవ్వాలి, దేవుణ్ణి అడిగితే ఇస్తాడా? అందుకని వందల ఏళ్లుగా పెళ్లిళ్లూ చావులూ చూసిన రాతి గచ్చు మీద ఎండాకాలమంతా మడత మంచాలు వేస్తున్నారు. లండన్ నుంచీ లీడ్స్ నుంచీ శని ఆదివారాలకు జనం దిగుతారు. హోటళ్లంటే వాళ్లకు మొహం మొత్తింది. ఒకసారి గాలిమరలో, ఒకసారి ఓడలకు దారి చూపే దీపస్తంభంలో, ఇంకోసారి గొర్రెల కాపరి బండిలో పడుకుని వచ్చిన మనుషులు. సమాధుల మధ్య ఒక రాత్రి గడిపి, పొద్దున్నే టీ కప్పు పట్టుకుని గుమ్మంలో నిలబడి, "ఎంత ప్రశాంతంగా ఉందో!" అంటారు. ప్రశాంతంగా ఉండక ఏం చేస్తుంది? ఊళ్లో మనుషులుంటే కదా. బడి మూసేశారు, అంగడి మూసేశారు, ఆఖరికి దేవుడి తలుపూ మూసేశారు. మిగిలింది చక్కెర దుంపల పొలాలు, వాటి మీదుగా సముద్రం నుంచి కొట్టే గాలి.

చర్చి తాళంచెవి డోరీన్ స్టెనెట్ దగ్గర ఉంటుంది. చర్చికి ఎదురుగా, బాటకు అవతల, ఎర్ర ఇటుకల ఇల్లు ఆవిడది. ఎనభైకి దగ్గర పడింది గానీ ఇంకా నడుం వంగలేదు. వచ్చినవాళ్లకు తలుపు తీసివ్వడం, దుప్పట్లు మార్చడం, గబ్బిలాల రెట్ట ఊడవడం, కెటిల్లో నీళ్లు నింపడం ఆవిడ పని. ఎవరూ అడక్కపోయినా ఎండుద్రాక్షలు వేసిన రొట్టె ఒకటి కాల్చి అక్కడ పెట్టి వస్తుంది.

ఆవిడ మొగుడు విల్ఫ్‌కు ఇదంతా గిట్టదు. గంట మోగించడం దగ్గర్నుంచి గడ్డి కోయించడం దాకా ఆ చర్చి మంచిచెడ్డలు ఏళ్ల తరబడి చూసుకున్న పెద్దమనిషి అతను. ఆఖరి ప్రార్థన జరిగిన రోజు టోపీ పెట్టుకుని బయటికి వచ్చాడు, మళ్లీ ఆ గడప తొక్కలేదు.

"దేవుడింటిని సత్రం చేశారు. ఆ సత్రానికి నువ్వు ఆయావి," అని పెళ్లాన్ని దెప్పుతుంటాడు.

"నేను మానేస్తే ఇంకొకరెవరో వస్తారు. ఆ వచ్చినవాళ్లకు మన చర్చి గురించి ఏం తెలుసు?" అంటుంది డోరీన్.

పైకి చెప్పే కారణం అదే. అసలు కారణం దక్షిణం వైపు మూడో బల్ల దగ్గర కొక్కేనికి వేలాడుతూ ఉండేది.

ప్రార్థన వేళ మోకాళ్లు ఊనడానికి చర్చిలో దిండ్లుంటాయి. సెయింట్ హెలెన్ దిండ్లు ఊరి ఆడవాళ్ల చేతి పని. ఒక చలికాలమంతా పాదిరిగారి ఇంట్లో పొయ్యి చుట్టూ కూర్చుని, గట్టి గుడ్డ మీద ఉన్ని దారంతో, పోయిన తమవాళ్ల కోసం తలా ఒకటి కుట్టారు. ఒకావిడ మొగుడి కోసం గొర్రెపిల్లను కుట్టింది. ఇంకొకావిడ తల్లి కోసం లిల్లీపూలు కుట్టింది. డోరీన్ నీలం రంగు మీద ఎర్ర పడవను కుట్టి, దాని కింద "కీత్" అని పేరు వేసింది. మిగతావాళ్లు పుట్టిన తేదీ, పోయిన తేదీ కూడా వేశారు. ఆవిడ వేయలేదు. పోయింది ఏ రోజని వేస్తుంది? ఒక్కగానొక్క కొడుకు, పంతొమ్మిదేళ్లవాడు, గ్రిమ్స్‌బీ రేవులో చేపల పడవ ఎక్కి వెళ్లాడు. జనవరి మంచులో, నార్వేకు పైన ఎక్కడో, ఆ పడవ నుంచి రేడియోలో మాట ఆగిపోయింది. పడవ రాలేదు, పడవలోని మనుషులు రాలేదు, ఒక్క చెక్కముక్కైనా ఒడ్డుకు కొట్టుకురాలేదు. పాతిపెట్టడానికి ఏమీ లేనప్పుడు రాయి మాత్రం ఎక్కడ నిలబెడతారు? ఈ లోకంలో కీత్ పేరున్న చోటు ఆ దిండు ఒక్కటే.

చర్చి ఊడ్చినప్పుడల్లా డోరీన్ ఆ దిండును అన్నింటికన్నా ఆఖర్న తీసి, దులిపి, పడవను బొటనవేలితో ఒకసారి నిమిరి, మళ్లీ తగిలించేది. సమాధికి పూలు తీసుకెళ్లే తల్లులకు ఏం దొరుకుతుందో ఆవిడకు అక్కడ అదే దొరికేది. ఈ సంగతి విల్ఫ్‌కు చెప్పలేదు. ఆ ఇంట్లో కొడుకు పేరు వినబడి దశాబ్దాలైంది. మొదట్లో ఒకరినొకరు ఏడిపించడం ఇష్టం లేక ఊరుకున్నారు. తర్వాత ఊరుకోవడమే అలవాటైపోయింది.

ఆగస్టులో ఒక శనివారం, జల్లు పడుతుండగా, లండన్ నుంచి ఒక కుటుంబం దిగింది. తల్లి పేరు ఫిలిపా, నోటికి విరామం లేని మనిషి. తండ్రి రూపర్ట్ సామాను మోయడానికే పుట్టినట్టున్నాడు. కూతురు ఓటిలీకి ఏడేళ్లుంటాయేమో, ముందు పళ్లు రెండూ ఊడిపోయి ఉన్నాయి.

"ఇక్కడ రాత్రిపూట దెయ్యాలొస్తాయా?" అని అడిగింది పిల్ల.

"గబ్బిలాలొస్తాయి తల్లీ. దెయ్యాలు ఈ చలికి ఆగలేవు," అంది డోరీన్.

ఫిలిపా తల వెనక్కి వాల్చి, పైకప్పు దూలాలకు చెక్కిన దేవదూతల్ని నోరు తెరుచుకుని చూసింది. "రూపర్ట్, చూడు, చూడు! బస అంటే ఇదండీ. మొన్న గాలిమరలో పడుకున్నాం, తెల్లార్లూ కిర్రు కిర్రుమంటూనే ఉంది. రేపు లింకన్‌లో పాత జైలు! ఖైదీల గదుల్నే హోటల్ చేశారట, తలుపులూ గొళ్లేలూ అలాగే ఉంచారట!"

"కావాలని జైలుకు వెళ్లేవాళ్లను ఇప్పుడే చూస్తున్నానండీ."

"పొద్దున టిఫిను కూడా పెడతారట."

"ఖైదీలకూ పెట్టేవారు లెండి."

రూపర్ట్ పకపకా నవ్వాడు. డోరీన్‌కు వాళ్లు నచ్చారు. ఆ మాట దాచడం ఎందుకు, మంచి మనుషులే. చెడ్డవాళ్లయితే గొడవే ఉండేది కాదు.

ఆదివారం పొద్దున డోరీన్ పాల సీసా తీసుకుని వెళ్లింది. లోపల వేయించిన మాంసం వాసన. వేదిక మెట్ల మీద తడి బూట్లు వరసగా ఆరబెట్టి ఉన్నాయి. ఓటిలీ దుప్పటి చుట్టుకుని మంచం మీద కూర్చుంది. ఒళ్లో నీలం దిండు ఉంది. పిల్ల పడవ మీద వేలు పెట్టి, నోటితో అలల చప్పుడు చేస్తూ, దాన్ని నడిపిస్తోంది.

డోరీన్ అడుగు ఆగిపోయింది. అది ఫిలిపా కనిపెట్టింది.

"అయ్యో, అది తీయకూడదా అండీ? రాత్రి తలకింద పెట్టుకుంటానని గొడవ చేసింది."

"అబ్బే, అదేం లేదు. ఉన్నది వాడుకోవడానికే కదండీ."

"రాత్రంతా వదల్లేదు. దాన్ని కీత్ అని పిలుస్తోంది! కీత్‌కు చలేస్తోందట, కీత్‌కు టీ కావాలట." ఫిలిపా నవ్వి, గొంతు తగ్గించింది. "ఒక మాట అడగనా? ఏమీ అనుకోకండి. దీన్ని మేం తీసుకెళ్లొచ్చా? దీనికి బదులు చర్చికి ఏదైనా ఇస్తాం. కుదరదంటే కుదరదని చెప్పేయండి, దయచేసి మొహమాటపడకండి."

మొహమాటపడకండి అన్న మాట చెవిన పడగానే డోరీన్‌కు మొహమాటం ముంచుకొచ్చింది. ఆ తరం ఆడవాళ్లను అలా పెంచారు మరి. ఎదుటివాళ్లను ఇరుకున పెట్టకు, నీ గోడు నలుగురిలో వెళ్లబోసుకోకు, అడిగినవాళ్లకు కాదనకు. తమ కాలు తొక్కినవాడికి తామే క్షమాపణ చెప్పుకునే మనుషులు వాళ్లు. లోపల ఎవరో వద్దు, వద్దు అని అరుస్తూనే ఉన్నారు. నోరు మాత్రం తన పని తాను చేసుకుపోయింది.

"తీసుకెళ్లండి, దానిదేముంది. పాత సామాను. ఇక్కడుంటే పురుగులు కొట్టేస్తాయి."

అని ఊరుకుందా? ఒళ్లో నుంచి దిండు అందుకుని, మరక ఉన్న చోట తన ఏప్రన్‌తో తుడిచి మరీ, పిల్ల చేతుల్లో పెట్టింది. పిల్ల ఆవిడ నడుం కరుచుకుంది.

ఇంటికి వచ్చి వంటగది కిటికీ దగ్గర నిలబడింది. ఏం చేశాను, ఏం చేశాను అని పైకే అంది. ఇంకా మించిపోయింది లేదు, బాట దాటి వెళ్లి ఒక్క మాట చెబితే చాలు. "క్షమించండి, అది మా అబ్బాయిది." నాలుగు మాటలు. వాటిని లోపల కూడబలుక్కుంటూ, వాళ్లు కారులో సామాను సర్దడం చూస్తూ నిలబడింది. ఇంజిను చప్పుడు వినేసరికి ఏప్రన్‌తోనే బయటికి పరిగెత్తింది.

ఫిలిపా అద్దం దించింది. "ఏమైందండీ? ఏమైనా మరిచిపోయామా?"

వెనక సీటులో ఓటిలీ దిండుకు కూడా కలిపి బెల్టు పెట్టుకుని కూర్చుంది. కీత్ పేరు పైకి కనబడుతోంది. డోరీన్ నోరు తెరిచింది. పక్కకు చూస్తే చర్చి వసారాలో వాళ్ల గొడుగు గోడకు ఆనించి ఉంది.

"గొడుగండీ," అంది. గబగబా వెళ్లి తెచ్చి, కిటికీలోంచి అందించింది.

"మీరెంత మంచివారండీ!" అంది ఫిలిపా. కారు దుంపల పొలాల మధ్య నుంచి పోయి, మలుపు తిరిగింది.

డోరీన్ చర్చిలోకి వెళ్లి, మూడో బల్లలో కూర్చుని, ఖాళీ కొక్కేన్ని చూసింది. కొడుకును రెండోసారి సముద్రానికి పంపినట్టు ఉంది ఆవిడకు. మొదటిసారి పంపింది వాడి మొండితనం, ఈసారి తన మర్యాద. తన మీద తనకే అసహ్యం పుట్టింది.

మధ్యాహ్నం బల్ల మీద కాల్చిన మాంసం పెట్టి, ఒక్క ముద్ద కూడా మింగలేకపోయింది.

"సత్రంవాళ్లు వెళ్లారా?" అన్నాడు విల్ఫ్.

"వెళ్లారు."

"ఏమన్నా ఎత్తుకుపోయారా?"

ఊరికే అన్న మాట అది, ప్రతివారం అనేదే. డోరీన్ చేతిలో ముల్లుచెంచా పళ్లెం మీద ఠంగుమంది. "పన్ను నొప్పిగా ఉంది," అంది. చెప్పాలంటే పేరు పలకాలి. ఆ పేరు ఆ బల్ల దగ్గర ఎలా పలకాలో ఆవిడ మరిచిపోయింది.

సోమవారం పొద్దున కోటు వేసుకుని, పెద్ద సంచీ తీసుకుంది.

"పన్ను చూపించుకుని వస్తా. లింకన్ వెళ్తున్నా."

"పన్నుకు లింకన్ దాకా ఎందుకు? లౌత్‌లో డాక్టరు లేడూ?"

"ఉన్నాడు. అతని చేతులు వణుకుతాయి."

"నీ నోరు చూస్తే ఎవడి చేతులైనా వణుకుతాయి," అన్నాడు విల్ఫ్. అని, గుమ్మం దాకా వచ్చి, బస్సు వచ్చేదాకా నిలబడ్డాడు.

బస్సు దిగి ఆ నిట్టనిలువు వీధి ఎక్కేసరికి డోరీన్ ఆయాసపడిపోయింది. పాత జైలు గోడలు నల్లగా అలాగే ఉన్నాయి, గేటుకు మాత్రం అటూ ఇటూ పూలకుండీలు పెట్టారు. లోపల ఇనుప మెట్లు, ఇనుప వంతెనలు, వరసగా చిన్న చిన్న తలుపులు. బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి నవ్వుతూ, "ఎన్నో నంబరు ఖైదీ కోసం వచ్చారండీ?" అని అడిగింది. వచ్చిన అందరినీ అలాగే అడగమని చెప్పి ఉంటారు. డోరీన్‌కు ఆ మాట గుచ్చుకుంది. శిక్ష పడాల్సింది ఎవరికో ఆవిడకు తెలుసు.

ఫిలిపా తలుపు తీసి కళ్లు పెద్దవి చేసింది. "మిసెస్ స్టెనెట్! ఇంత దూరం వచ్చారేంటి? రండి, రండి, మా జైలు కొట్టు చూడండి!"

కమ్మీల కిటికీ కింద పట్టుదుప్పటి పరిచిన మంచం. రూపర్ట్ లేచి కుర్చీ చూపించాడు. డోరీన్ కూర్చోలేదు. దారి పొడుగునా ఆ నాలుగు మాటలు నెమరు వేసుకుంటూనే వచ్చింది. తీరా నోరు తెరిస్తే వచ్చినవి వేరే.

"క్షమించాలండీ. ఆ దిండు గురించి. సంస్థవాళ్లకు రూలు ఉందట, చర్చి వస్తువు బయటికి పోకూడదట. నాకు తెలియక ఇచ్చేశా. వాళ్లు చూస్తే నా మీదికి వస్తుంది."

ఆ సంస్థకు పాపం అలాంటి రూలేమీ లేదు. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో చూసి ఆవిడే నిర్ఘాంతపోయింది.

ఫిలిపా ముఖంలో నవ్వు అలాగే ఉంది, లోపలి వెచ్చదనం మాత్రం పోయింది. "అలాగా. మీరే కదండీ పాత సామాను అన్నారు?"

"అన్నానండీ. నాదే పొరపాటు."

"ఇచ్చేయ్, ఫిల్," అన్నాడు రూపర్ట్ మెల్లగా. "పెద్దావిడ అంత దూరం వచ్చింది."

ఓటిలీ దిండును రెండు చేతులా పొట్టకు అదుముకుని మంచం మూలకు జరిగింది. "కీత్ ఎవరు?" అని డోరీన్‌ను సూటిగా అడిగింది. "ఈ పడవ అతనిదేనా? ఇప్పుడెక్కడున్నాడు?"

"అవునూ, నేనూ అడుగుదామనుకున్నా," అంది ఫిలిపా. "మీకు తెలిసినవాళ్లేనా అండీ?"

అడిగారు. ఇన్నేళ్లలో ఆ పేరు పలికి, ఎవరు అని అడిగిన మొదటి మనుషులు వాళ్లే. చెప్పవచ్చు. చెబితే ఆ తల్లి చెయ్యి పట్టుకుని ఉండేది, ఆ పిల్ల తనంతట తానే దిండు ఇచ్చేసి ఉండేది. కానీ సంస్థ రూలని ఇప్పుడే అబద్ధమాడిన నోరు, నా కొడుకని ఎలా అంటుంది? అంటే అబద్ధం బయటపడదూ? వాళ్లు నొచ్చుకోరూ? పరాయివాళ్ల గదిలో నిలబడి కళ్లనీళ్లు పెట్టుకోవాలా?

"తెలీదు తల్లీ," అంది డోరీన్. "పాతకాలం వాళ్లెవరో."

"ఎవరికీ తెలీకపోతే నా దగ్గరే ఉండొచ్చుగా?"

ఫిలిపా కూతురి చేతుల్లోంచి దిండును లాగి, మర్యాదగా సంచీలో పెట్టింది. పిల్ల గొల్లుమంది. డోరీన్ క్షమించమని చెప్పి, థాంక్స్ చెప్పి, మళ్లీ క్షమించమని చెప్పి బయటపడింది. ఇనుప మెట్లు దిగినంతసేపూ ఆ పిల్ల ఏడుపు పై అంతస్తు నుంచి వినబడుతూనే ఉంది.

తిరుగు బస్సులో సంచీని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కావలసింది దొరికింది, అయినా సంతోషం జాడ లేదు. దిండు ఇచ్చేసినప్పుడు పోయింది దిండే. ఇప్పుడు కన్నతల్లి నోటితో, వాడెవడో తెలీదు అంది. వాణ్ణి నీళ్లలోంచి ఎవరూ తీసుకురాలేకపోయారు, అది ఎవరి తప్పూ కాదు. ఇది మాత్రం తన తప్పే. ఎదురు సీటులో పెద్దాయన "బాగున్నారా అండీ?" అంటే, "బాగున్నానండీ, థాంక్స్," అంది. చెంపలు తడిగా ఉన్నాయని అప్పటిదాకా ఆవిడకు తెలియలేదు.

నేరుగా చర్చికి వెళ్లి దిండును తగిలించి వచ్చేద్దామనుకుంది. తీరా చూస్తే వసారాలో రెండు సైకిళ్లు, లోపల దీపం వెలుగు. ఎవరో అప్పుడే దిగారు. వాళ్ల తలుపు తట్టి, వాళ్ల మంచాల మధ్య నుంచి వెళ్లి, కొక్కేనికి తగిలించి రావడానికి ఆవిడకు మనసొప్పలేదు. ఇంటికే తెచ్చింది.

"నీ సత్రానికి ఇద్దరు దిగారు," అన్నాడు విల్ఫ్. "కుర్రాళ్లు. బిగుతు లాగులు వేసుకున్నారు. గుమ్మంలో నిలబడే తాళంచెవి ఇచ్చి పంపేశా. ఏది, పన్ను పీకాడా?" అంటూ, రొట్టె ఏమైనా తెచ్చిందేమోనని సంచీ నోరు తెరిచాడు.

తెరిచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. మెల్లగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"దీన్నెందుకు ఇంట్లోకి తెచ్చావు?"

"విల్ఫ్..."

"తీసెయ్. తీసుకెళ్లి ఎక్కడుండేదో అక్కడ పెట్టు. నా కళ్లముందు వద్దు."

డోరీన్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. రెండు రోజులుగా తన మీద ఉన్న కోపమంతా ఇప్పుడు మొగుడి మీదికి మళ్లింది. "నీకేం పట్టింది? ఇన్నేళ్లలో ఒక్కసారైనా వాడి పేరెత్తావా? వాడు పోయాడన్న బాధ నీకుంటే కదా! నేనొక్కదాన్నే అక్కడికి వెళ్లి, దీని దుమ్ము దులిపి..."

"నీకే ఉందనుకున్నావా బాధ?" విల్ఫ్ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "అది అక్కడ తగిలించి ఉన్నన్నాళ్లూ వాడు ఎక్కడో ఓ చోట ఉన్నాడనుకున్నా. ఆదివారం ఆదివారం దాని పక్కనే కూర్చునేవాణ్ణి. నా మోకాళ్లకు ఇచ్చేదానివి గానీ నేనెప్పుడూ దాని మీద మోకాలు పెట్టలేదు. ఎలా పెడతాను? తర్వాత చర్చి మూసి, వాళ్లూ వీళ్లూ వచ్చి పడుకుంటుంటే, ఇంక చూడలేక మానేశా. ఇంటికి రావాల్సింది వాడు, డోరీన్. ఇది కాదు. ఇది వచ్చిందంటే ఇంక వాడు రాడు."

డోరీన్ ఎదురు కుర్చీలో కూలబడింది. అప్పుడు చెప్పింది, అంతా చెప్పింది. పిల్ల తలకింద పెట్టుకోవడం, పాత సామానని తానే ఇచ్చేయడం, గొడుగు, జైలు, రూలని ఆడిన అబద్ధం. ఆఖరి మాట ఒక్కటి మిగిలింది.

"కీత్ ఎవరని అడిగారు విల్ఫ్. నాకు తెలీదన్నా."

ఆ ఇంట్లో ఆ పేరు అన్నేళ్ల తర్వాత పలికింది. విల్ఫ్ బల్ల వంక చూస్తూ కూర్చున్నాడు. తిడతాడని చూసింది. ఓదారుస్తాడేమోనని కూడా చూసింది. రెండూ చేయలేదు. లేచి మేకుకున్న కోటు తీసుకున్నాడు.

"పద."

"ఎక్కడికి?"

"ఎక్కడికేంటి? వాణ్ణి వాడి చోట పెట్టొద్దూ?"

"లోపల మనుషులున్నారు. ఇప్పుడే దిగారు, అలిసిపోయి ఉంటారు, ఇబ్బంది..."

"పడనీ."

సాయంత్రపు వెలుగు ఇంకా పోలేదు. విల్ఫ్ తలుపు తట్టలేదు. గొళ్లెం తీసి, టోపీ తీసి, తన ఇంట్లోకి నడిచినట్టు నడిచాడు. డోరీన్ సంచీ పట్టుకుని వెనకాల వెళ్లింది. కుర్రాళ్లు ఇద్దరూ గంటగోపురం కింద కెటిల్ పెట్టుకుని నిలబడి ఉన్నారు. వాళ్ల తడి సాక్సులు, చేతిగుడ్డలు దక్షిణం వైపు బల్లల వీపుల మీద ఆరేసి ఉన్నాయి. మూడో బల్ల మీద కూడా.

విల్ఫ్ వాటి వంక చూశాడు గానీ ముట్టుకోలేదు. బల్లలోకి వెళ్లి, డోరీన్ చేతిలోంచి దిండు తీసుకున్నాడు. కొక్కేనికి తగిలిస్తాడనుకుంది. తగిలించలేదు. నేల మీద పెట్టి, ముందు బల్లను పట్టుకుని, మెల్లగా, ఒక్కొక్క మోకాలే వంచి దాని మీద ఊనాడు. కీళ్లు కటకటమన్నాయి. తల చేతుల మీద వాల్చేశాడు. డోరీన్‌కు ఏం చేయాలో తోచక పక్కన నిలబడింది.

కుర్రాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్లలో పొడుగాటివాడు దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, చాలా మర్యాదగా అడిగాడు.

"క్షమించండి, మీరూ ఈ రాత్రికి ఇక్కడేనా అండీ? మేమిద్దరమే అని చెప్పారు. ఫర్వాలేదనుకోండి, చోటుంది."

లేదండీ, మేం వెళ్లిపోతున్నాం, మీకు ఇబ్బంది కలిగించాం అన్న మాట డోరీన్ నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో కింద నుంచి విల్ఫ్ గొంతు వినబడింది. తల ఎత్తకుండానే అన్నాడు.

"మేం కాదు బాబూ. మా అబ్బాయి ఉంటాడిక్కడ."

కుర్రాడు చుట్టూ చూశాడు. వేదిక వైపు, తలుపు వైపు. "ఎక్కడండీ?"

విల్ఫ్ భుజాలు కదిలాయి.

"మాకూ తెలీదు నాయనా," అంది డోరీన్. "నార్వేకు పైన ఎక్కడో, నీళ్లలో ఉన్నాడు. కీత్ వాడి పేరు. కీత్ స్టెనెట్. పంతొమ్మిదేళ్లు."

కుర్రాడి ముఖం ఎర్రగా కందిపోయింది. గబగబా బల్ల మీది తడి సాక్సులు తీశాడు. తీసి, ఎక్కడ పెట్టాలో తెలియక వాటిని రెండు చేతుల్లో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. నీళ్లు వాటి చివర్ల నుంచి గచ్చు మీద పడుతున్నాయి. ఫర్వాలేదు బాబూ అని అతనితో అనడానికి డోరీన్‌కు నోరు రాలేదు.